అభివృద్ధి వాతావరణానికి ఒక చిన్న యాడ్-ఇన్: బొగ్గు గ్రేడు ఉదాహరణ

1. పరిచయం

ప్రోగ్రాము రాయడానికి, నడపడానికి, తప్పులు వెతకడానికి కావలసిన సాధనాలన్నీ ఒకేచోట ఉన్న సాఫ్ట్‌వేర్‌ను అభివృద్ధి వాతావరణం అంటారు. అందులో లేని సౌకర్యాన్ని మనమే రాసి చేర్చుకునే చిన్న ప్రోగ్రామే యాడ్-ఇన్. మైక్రోసాఫ్ట్ 2015లో విడుదల చేసిన విజువల్ స్టూడియో కోడ్‌లో దీన్ని ఎక్స్‌టెన్షన్ అంటారు. ఈ భాగం చదివిన తరవాత దాని నిర్మాణాన్ని వివరించగలుగుతారు; జావాస్క్రిప్ట్‌లో ఒకటి తయారు చేయగలుగుతారు.

2. సమస్య

మన దేశంలో 2012 నుంచి నాన్-కోకింగ్ బొగ్గును స్థూల కెలోరిఫిక్ విలువను బట్టి జీ-1 నుంచి జీ-17 వరకు గ్రేడులుగా విభజిస్తున్నారు. కిలోకు 7,000 కిలోకెలోరీలు దాటితే జీ-1. అక్కడి నుంచి కిందికి 300 కిలోకెలోరీలకు ఒక గ్రేడు చొప్పున 2,201 వరకు వస్తాయి. గోదావరిఖని గనుల నుంచి వెళ్లే బొగ్గు ధరకు గ్రేడే ఆధారం. 4,301 అయితే జీ-10. 4,300 అయితే జీ-11. బొగ్గు లెక్కల ప్రోగ్రాము రాసేవారు ప్రతిసారీ పట్టిక చూసి గ్రేడు వేస్తే, ఇలాంటి సరిహద్దుల దగ్గరే పొరపడతారు. అంకెను ఎంచుకుని ఒక ఆదేశం ఇస్తే గ్రేడు దాని పక్కన చేరాలి. ఇదే మన యాడ్-ఇన్ పని.

3. నిర్మాణం

ఇందులో ముఖ్యమైన ఫైళ్లు రెండు.

(అ) ప్యాకేజ్.జేసన్: ఇది ప్రకటన పత్రం. యాడ్-ఇన్ పేరు, అది అందించే ఆదేశం, ఆ ఆదేశానికి గుర్తింపు పేరు ఇందులో ఉంటాయి.

(ఆ) ఎక్స్‌టెన్షన్.జేఎస్: ఇందులోని యాక్టివేట్ అనే ఫంక్షన్, ఆ గుర్తింపు పేరుకు మన ఫంక్షన్‌ను జతచేసి నమోదు చేస్తుంది.

మన ఫంక్షన్‌ను మనం పిలవం; వినియోగదారుడు ఆదేశం ఇచ్చినప్పుడు వాతావరణమే పిలుస్తుంది. గుర్తింపు పేరు రెండు ఫైళ్లలో అక్షరం తేడా లేకుండా ఒకటే ఉండాలి. లేకపోతే మెనూలో ఆదేశం కనిపిస్తుంది కాని పనిచేయదు.

4. పని క్రమం

1. ఎడిటర్‌లో ఫైలు తెరిచి ఉందో లేదో చూడాలి.
2. ఎంచుకున్న పాఠ్యం తీసుకోవాలి. ఖాళీగా ఉంటే ఆగిపోవాలి. జావాస్క్రిప్ట్ ఖాళీ పాఠ్యాన్ని సున్నాగా మారుస్తుంది.
3. అది పూర్ణాంకం కాకపోయినా, 2,201 కంటే తక్కువైనా హెచ్చరిక చూపి ఆగాలి.
4. 7,000 దాటితే జీ-1. లేకపోతే 7,000 నుంచి ఆ అంకెను తీసివేసి, 300తో భాగించి, భాగఫలంలోని పూర్ణాంకానికి 2 కలపాలి.
5. ఫలితాన్ని అంకె పక్కన చేర్చాలి.

ఉదాహరణ: 4,300కు తేడా 2,700, భాగఫలం 9, గ్రేడు జీ-11.

5. పరీక్ష

ఎఫ్5 నొక్కితే యాడ్-ఇన్‌తో కూడిన మరో కిటికీ తెరుచుకుంటుంది. అందులో 7,001, 7,000, 4,301, 4,300, 2,201, 2,200 వేసి చూడండి. మధ్య విలువలు సరిగా వచ్చినంత మాత్రాన లెక్క సరైనదని చెప్పలేం. తప్పు దాగేది అంచుల్లోనే.

6. సారాంశం

యాడ్-ఇన్ వాతావరణాన్ని తిరగరాయదు. తన ఆదేశాన్ని ప్రకటించి, ఫంక్షన్‌ను నమోదు చేసి, పిలుపు కోసం వేచి ఉంటుంది. లెక్క ఒకేచోట ఉండటం వల్ల ఒకసారి సరిదిద్దితే చాలు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. గుర్తింపు పేరు రెండు ఫైళ్లలోనూ ఎందుకు ఒకటే ఉండాలి?
2. 6,700 ఏ గ్రేడు? లెక్క చూపండి.