కంపెనీ కుటుంబమా? మన పిల్లల ఉద్యోగములను గూర్చి

మార్కాపురము, కంభము, గిద్దలూరు ప్రాంతములలో ఒకప్పుడు ప్రార్థన చీటీల మీద "వర్షము కొరకు", "పలకల పని కొరకు" అని వ్రాసేవారు. ఇప్పటి చీటీలలో "మా అబ్బాయికి ప్రాజెక్టు దొరకుటకు", "అమ్మాయి బెంచి మీద నుండి బయటపడుటకు" అని కనబడుచున్నది. వర్షమంటే సంఘమంతటికి తెలుసు. బెంచి అంటే ఏమిటో ఆ చీటీ వ్రాసిన తల్లికే సరిగా తెలియదు. (జీతమిస్తూనే పని అప్పగించకుండ ఉంచుటను అట్లు పిలుస్తారు. వినడానికి సుఖముగా ఉన్నది గాని, అక్కడ ఉన్నవారికి రాత్రి నిద్ర పట్టదు.) అందుచేత మన పిల్లలు పనిచేసే చోట్లను గూర్చి ఈ నెల కొంత వ్రాయుచున్నాము.

వేగముగా ఎదిగే కంపెనీ లోపల ఎట్లుంటుందో తెలిసికొనుటకు మనము దూరము పోనక్కరలేదు. 1987లో హైదరాబాదులో బి. రామలింగరాజు గారు కొద్దిమందితో ప్రారంభించిన సత్యం కంప్యూటర్స్ ఇరవై ఏండ్లలో సుమారు 50,000 మంది పనిచేసే సంస్థ అయినది. అక్కడ "ఉద్యోగి" అనేవారు కాదు, "అసోసియేట్" అనేవారు. అంటే తోడివాడు, భాగస్థుడు అన్నట్లు. సత్యం కార్డు మెడలో వేసికొని ఊరికి వచ్చిన అబ్బాయికి సంబంధములు వెదకుకొంటూ వచ్చేవి.

2009 జనవరి 7న రాజు గారే బోర్డుకు లేఖ వ్రాసి, లెక్కలు తప్పని ఒప్పుకొన్నారు. నగదుగాను బ్యాంకులలోను ఉన్నట్లు చూపిన సొమ్ములో 5,040 కోట్ల రూపాయలు లేనే లేవు. 2008 సెప్టెంబరుతో ముగిసిన మూడు నెలలకు 649 కోట్ల నిర్వహణ లాభము చూపగా, నిజముగా వచ్చినది 61 కోట్లే. 179 రూపాయల వాటా ఆ ఒక్క దినమున 40కి పడిపోయింది. రాత్రులు మేలుకొని అమెరికావారి పని చేసిపెట్టిన పిల్లలకు ఈ అంకెలతో ఏ సంబంధమూ లేదు. వారు చేసిన పని నిజమే, పైన వ్రాసిన లెక్కే అబద్ధము. అయినను శిక్ష ముందుగా వారి ఇండ్లకే వచ్చింది. బ్యాంకులు అప్పులకు వెనుకాడుట, కుదిరిన పెండ్లిండ్లు ఆగుట ఆ రోజుల పత్రికలలో మనమందరము చదివినదే.

కేంద్ర ప్రభుత్వము కిరణ్ కార్నిక్, దీపక్ పరేఖ్ మొదలగు వారిని బోర్డులో నియమించింది. బ్యాంకుల నుండి అప్పు తెచ్చి జీతములు ఇచ్చినారు. ఏప్రిల్‌లో టెక్ మహీంద్రా వారు వాటాకు 58 రూపాయల చొప్పున కంపెనీని దక్కించుకొన్నారు. 2013లో ఆ సంస్థలోనే కలిసిపోయింది. 2015 ఏప్రిల్‌లో హైదరాబాదు ప్రత్యేక న్యాయస్థానము రాజు గారికి ఏడేండ్ల శిక్ష వేసింది; అప్పీలు మీద బెయిలు వచ్చింది. కంపెనీ నిలిచినదంటే, జీతము వస్తుందో రాదో తెలియని ఆ వారములలో కూడ రోజూ వెళ్లి పని చేసిన వేలాదిమంది పిల్లల వలననే అని మా అభిప్రాయము. వారి పేర్లు ఎక్కడా వ్రాయబడలేదు.

ఇప్పటి చిన్న కంపెనీలను స్టార్టప్ అంటారు. లాభము వచ్చేదాకా పెట్టుబడిదారుల డబ్బు మీద నడుస్తాయి. ఆ డబ్బు వచ్చినప్పుడు త్వరత్వరగా మనుష్యులను తీసికొంటారు, ఆగినప్పుడు అంతకంటె త్వరగా పంపివేస్తారు. బెంగుళూరు బైజూస్ 2022 అక్టోబరులో సుమారు 2,500 మందిని తీసివేస్తామని ప్రకటించింది. 2024 జూలైలో దివాలా విచారణకు వెళ్లింది. 2023లో ఇన్ఫోసిస్ నారాయణమూర్తి గారు యువకులు వారానికి 70 గంటలు పని చేయాలన్నప్పుడు, గిద్దలూరులో ఒక తల్లి మాతో, "మావాడికి డెబ్బై ఎప్పుడో దాటింది అయ్యగారూ, జీతమే దాటలేదు" అన్నది.

ఒక కుటుంబము అనుమతితో ఈ సంగతి వ్రాయుచున్నాము. పేరు, కంపెనీ వ్రాయము. తండ్రి మార్కాపురములో పలకల ఫ్యాక్టరీలో పనిచేసిన మనిషి. కొడుకుకు హైదరాబాదులో స్టార్టప్ ఉద్యోగము వచ్చినప్పుడు సంఘములో నిలువబడి, జీతమెంతో చెప్పి, కృతజ్ఞతార్పణ ఇచ్చినాడు. మొదటి ఏడాది అబ్బాయి మాటలన్నీ ఆఫీసును గూర్చియే. అక్కడ సార్ అని పిలువనక్కరలేదట, పుట్టినరోజుకు కేకు కోస్తారట, "మనమంతా ఒక కుటుంబము" అంటారట. రెండవ ఏడు అర్ధరాత్రి కూడ ఫోను మ్రోగేది. ఆలస్యముగా ఉండి పనిచేసినవారి ఫోటోలు గ్రూపులో పెట్టి మెచ్చుకొనేవారు. తొమ్మిదికి ఇంటికి పోవువాని ఫోటో ఎవరూ పెట్టరు కదా.

ఒక ఉదయము పది నిమిషముల వీడియో కాల్‌లో, రాజీనామా నీవే వ్రాసి ఇవ్వుమన్నారు. మధ్యాహ్నమునకు ల్యాప్‌టాప్ తెరుచుకోలేదు. అతడు ఎవరికీ చెప్పలేదు. హాస్టలులోనే ఉండి, ఫోనులో అప్పులిచ్చే యాప్‌ల నుండి తీసికొని నాలుగు నెలలు నెలకు 15,000 ఇంటికి పంపినాడు. క్రిస్మస్‌కు అందరికీ బట్టలు తెచ్చినాడు. జనవరిలో అప్పులవారు తండ్రి ఫోనుకే చేసి తిట్టినప్పుడు గాని సంగతి తెలియలేదు.

ఆ రాత్రి తండ్రి మా ఇంటికి వచ్చి చాలాసేపు మాటలాడలేదు. తరువాత, "పని పోయినందుకు కాదు అయ్యగారూ. నేను జీతము అంకె అందరిలో చెప్పుకొంటిని. వాడు అది పోయినదని నాకు ఎట్లు చెప్పగలడు?" అన్నాడు. మన సంఘములలో ఉద్యోగము రావలెనని చీటీలు వస్తాయి, వచ్చినదని సాక్ష్యములు వస్తాయి. పోయినదని చీటీ మాకు ఇంతవరకు ఒక్కటి రాలేదు. పోయినవారు లేకనా?

మరునాడు తండ్రి, కొడుకు కాగితములన్నీ ముందు వేసికొని కూర్చున్నారు, మేమును కూర్చున్నాము. నియామక పత్రములో వ్రాసిన ఏడాది జీతములో కంపెనీ వాటాల విలువ కూడ కలిపి ఉన్నది. ఆ వాటాలు నాలుగేండ్లలో కొంచెము కొంచెముగా చేతికి వచ్చేవి. ఆ కంపెనీ బజారులోనికి రానందున, వచ్చినవాటిని కొనేవారు లేరు. పలకలు లెక్కపెట్టి ఇచ్చి కూలి తీసికొన్న తండ్రికి, చేతికి రాని జీతమును జీతములో ఎట్లు కలిపినారో ఎంత చెప్పినా బోధపడలేదు. మాకును పూర్తిగా బోధపడలేదు. అప్పు మొత్తము లక్షా ఎనభై వేలు అయినది. వడ్డీ ఎక్కువైన దానిని ముందు తీర్చుటకు వరుస వ్రాసికొన్నారు.

భవిష్యనిధి లెక్క మాత్రము ఎవరైనను చూచుకొనవచ్చును. భవిష్యనిధి ఉన్న ప్రతి ఉద్యోగికి యు.ఏ.ఎన్. అనే నంబరు ఉంటుంది. ఉమంగ్ యాప్‌లో పాస్‌బుక్కు తెరిస్తే నెలనెలా జమ కనబడుతుంది. అబ్బాయి ఎన్నడూ తెరచి చూడలేదు. ఆ దినమున తెరచినప్పుడు చివరి రెండు నెలల కోత జీతపు చీటీలో ఉన్నది గాని పాస్‌బుక్కులో లేదు. పి.ఎఫ్. ఆఫీసుకు ఫిర్యాదు పెట్టినాడు. ఆరు నెలలకు ఆ డబ్బు జమ అయినది.