పిల్లల్లో బృహద్ధమని ఇరుకుకు మూలం ఎలాస్టిన్ జన్యులోపం

గుండె నుండి శరీరమంతటికీ రక్తాన్ని చేరవేసే బృహద్ధమని కొందరు పిల్లల్లో కవాటానికి కొద్దిగా పైభాగాన నడుము బిగించినట్లు సన్నబడి ఉంటుంది. సుమారు 20 వేల జననాలలో ఒకరికి కనిపించే ఈ అరుదైన వ్యాధిని సుప్రావాల్వులర్ అయోర్టిక్ స్టెనోసిస్ అంటారు. ఇందులో లోపం కవాటంలో కాక ధమని గోడలో ఉన్నది.

ధమని సాగి తిరిగి యథాస్థితికి రావడానికి ఎలాస్టిన్ అనే ప్రొటీను ఆధారం. దీని జన్యువు ఏడవ క్రోమోజోముపై ఉన్నది. తల్లిదండ్రుల నుండి సంక్రమించే రెండు ప్రతులలో ఒకటి పనిచేయకపోతే ఎలాస్టిన్ కొరత ఏర్పడి, గోడలోని మృదు కండర కణాలు మితిమీరి పెరుగుతాయి. గోడ దళసరియై రక్తమార్గం ఇరుకవుతుంది.

1993లో అమెరికాలోని యూటా విశ్వవిద్యాలయ పరిశోధకులు, 6, 7 క్రోమోజోముల ముక్కలు తారుమారైన ఒక కుటుంబాన్ని పరిశీలించి, ఎలాస్టిన్ జన్యువు తెగిపోవడమే ఇందుకు కారణమని గుర్తించారు. న్యూజిలాండ్ వైద్యుడు విలియమ్స్ 1961లో వర్ణించిన సిండ్రోమ్‌లోనూ ఇదే జన్యువు లోపించినట్లు అదే సంవత్సరం వెల్లడైనది. విలియమ్స్ సిండ్రోమ్‌లో ఎలాస్టిన్‌తో పాటు పొరుగునున్న 25కు పైగా జన్యువులు కూడా లోపిస్తాయి. అందువల్ల ప్రత్యేక ముఖకవళికలు, చదువులో జాప్యం, అతి కలుపుగోలుతనం, కొందరు శిశువుల రక్తంలో కాల్షియం అధికంగా ఉండటం గమనించవచ్చు. ఈ లోపం చాలావరకు బిడ్డలో కొత్తగా ఏర్పడుతుంది. గర్భిణి ఏమి తిన్నది, గ్రహణం నాడు ఏమి చేసినది అన్న ఆరాలకు ఇందులో తావు లేదు.

సిండ్రోమ్ లేకుండా ఒక్క ఎలాస్టిన్ జన్యువే దెబ్బతిన్న కుటుంబాలలో ప్రతి సంతానానికీ ఆ లోపం సంక్రమించే అవకాశం 50 శాతం. అయితే ఒకే ఇంట ఒకరికి తీవ్రంగా ఉన్నా మరొకరికి లక్షణాలే ఉండకపోవచ్చు. ఒక బిడ్డలో వ్యాధిని కనుగొన్నపుడు తల్లిదండ్రులకు, తోబుట్టువులకు ఎకోకార్డియోగ్రామ్ చేయించడం అందుకే అవసరం.

వైద్యశిబిరాలలో గుండెలో మర్మర ధ్వని వినిపించిన పిల్లలకు రెండు చేతులకూ రక్తపోటు చూడాలి. ఈ వ్యాధిలో తరచుగా కుడిచేతి రక్తపోటు ఎడమచేతి కంటే ఎక్కువగా నమోదవుతుంది. మామూలు క్రోమోజోము పరీక్షలో విలియమ్స్ లోపం సాధారణంగా కనిపించదు. ఫిష్ లేదా మైక్రోఅరే పరీక్ష అవసరమవుతుంది.

అన్నింటికన్నా ముఖ్యమైనది మత్తుమందు విషయం. గుండె కండరానికి రక్తమందించే కరోనరీ ధమనుల ముఖద్వారాలు కూడా ఇరుకైన పిల్లల్లో, మత్తు ప్రభావంతో రక్తపోటు పడిపోతే గుండె అకస్మాత్తుగా ఆగవచ్చు. పంటి చికిత్స, స్కానింగ్ వంటి చిన్న అవసరాలకు మత్తు ఇచ్చినా ఈ ముప్పు ఉన్నది. కనుక రిఫరల్ చీటీపై వ్యాధి పేరును స్పష్టంగా వ్రాయాలి. ఇరుకు తీవ్రమైతే శస్త్రచికిత్సతో ప్యాచ్ వేసి మార్గాన్ని వెడల్పు చేస్తారు. బెలూన్ చికిత్స దీనికి అంతగా ఉపకరించదు.

2013లో ప్రారంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం క్రింద అంగన్‌వాడీలు, ప్రభుత్వ పాఠశాలలలో జరిగే పరీక్షలలో పుట్టుకతో వచ్చే గుండె జబ్బులు కూడా చేరి ఉన్నవి. 2021 జాతీయ అరుదైన వ్యాధుల విధానం క్రింద హైదరాబాద్‌లోని సి.డి.ఎఫ్.డి., నిమ్స్‌తో కలిసి విశిష్ట కేంద్రంగా గుర్తింపు పొందినది.