గంపలోని గడ్డి చేయు పని

మామిడిపండ్లను గంపకెత్తునపుడు అడుగున వరిగడ్డి దట్టముగా పరచుదురు. పండుకు దెబ్బ తగిలినచో దింపునపుడు కనబడకపోవచ్చును. రెండు మూడు దినములకు తొక్క నల్లబడి బయటపడును. అప్పటికి చేయగలిగినది ఏమియు ఉండదు. ఈ దెబ్బను గడ్డి ఎట్లు తగ్గించుచున్నది?

గంప ఒక మీటరు ఎత్తునుండి జారిపడినదనుకొందము. నేలను తాకునప్పటికి దాని వేగము సెకండుకు సుమారు 4.4 మీటర్లు. ఈ వేగము ఎంత దూరములో నశించుననునదే ముఖ్యము. పడిన ఎత్తును ఆగిన దూరముచే భాగించినచో, పండుపై పనిచేయు సగటు బలము దాని బరువుకు ఎన్ని రెట్లో సుమారుగా తెలియును. గడ్డి 2 సెంటీమీటర్లు అణగినచో 50 రెట్లు. 5 సెంటీమీటర్లు అణగినచో 20 రెట్లే. గడ్డిని స్ప్రింగుగా భావించినచో గరిష్ఠ బలము సగటుకు రెట్టింపు. అనగా మొదటి సందర్భమున పావుకిలో పండుపై క్షణకాలము 25 కిలోల బరువు మోపినట్లగును!

అట్లయిన గడ్డి ఎంత మెత్తగా ఉన్న అంత మంచిదా? కాదు. పడుట ఒక్కసారి, లారీలో కుదుపు గంటలకొలది సాగును.

సన్నని స్ప్రింగునకు రాయి కట్టి వ్రేలాడదీయుడు. చేతిని మెల్లగా పైకి క్రిందికి ఆడించిన, రాయి చేతితోపాటే కదలును. మిక్కిలి వేగముగా ఆడించిన, రాయి దాదాపు నిలిచియుండును. ఈ రెంటి నడుమ ఒకానొక లయలో మాత్రము రాయి చేతికంటె ఎన్నోరెట్లు ఎగిరిపడును. ఇదియే అనునాదము. స్ప్రింగు గడ్డి వంటిది, రాయి పండు వంటిది, చేయి లారీ వంటిది.

లారీ తన స్ప్రింగులపై సెకండుకు కొద్దిసార్లే ఊగును. పండ్ల బరువునకు 1 సెంటీమీటరు అణగు మెత్తపై పండ్లును సెకండుకు సుమారు 5 సార్లు ఊగును. ఈ రెండు లయలు కలిసినచో మెత్త కుదుపును పెంచునే గాని తగ్గింపదు. లారీ లయ పండ్ల లయకు 1.4 రెట్లు మించినపుడే రక్షణ మొదలగును. అయితే గడ్డిపరకలు ఒకదానితోనొకటి రాపాడి, కుదుపులోని శక్తిని కొంత వేడిగా మార్చును. అందుచే అనునాదము హద్దు మీరదు.

ఇట్లు సరకును స్ప్రింగుపై బరువుగా భావించి, 1945లో ఆర్. డి. మిండ్లిన్ బెల్ సంస్థ సాంకేతిక పత్రికలో విపులమైన వ్యాసము వ్రాసెను. నేడు త్వరణమాపకమును పెట్టెలో ఉంచి దారిపొడవున కుదుపులను నమోదు చేయుదురు. వానినే ప్రయోగశాలలో కంపించు బల్లపై తిరిగి కల్పించి, పెట్టెను పరీక్షింతురు.

విద్యార్థులు దీనిని తరగతిలోనే సరిచూడవచ్చును. రాతి బరువునకు స్ప్రింగు సాగిన పొడవును సెంటీమీటర్లలో కొలిచి, దాని వర్గమూలముచే 5ను భాగింపుడు. సెకండుకు ఊపుల సంఖ్య వచ్చును. 9 సెంటీమీటర్లు సాగినచో 30 సెకండ్లలో సుమారు 50 ఊపులు రావలెను. గడియారము చేతబట్టి లెక్కింపుడు.