సముద్ర-వాయు సంయుక్త రవాణాపై సరఫరా అంతరాయాల ప్రభావం

ఓడ కిరాయి తక్కువ, ప్రయాణం ఆలస్యం. విమానం త్వరగా చేరుస్తుంది, కిరాయి చాలా ఎక్కువ. ఇది మీరు కిందటి భాగంలో చదివారు. ఈ రెండింటికీ మధ్యస్థంగా మరో పద్ధతి ఉంది. సరుకును కొంత దూరం ఓడలో తెచ్చి, ఒక రేవులో దించి, అక్కడి నుంచి విమానంలో పంపుతారు. దీన్నే సముద్ర-వాయు సంయుక్త రవాణా అంటారు. ఆసియా నుంచి ఐరోపాకు వెళ్లే దుస్తులు, ఎలక్ట్రానిక్ వస్తువులకు దీన్ని వాడతారు. మార్పిడి జరిగే చోట్లలో దుబాయి ముఖ్యమైనది. జెబెల్ అలీ రేవులో దించిన సరుకు, స్థానిక దిగుమతి సుంకం కట్టే పని లేకుండానే, దగ్గరలోని అల్ మక్తూమ్ విమానాశ్రయానికి లారీల్లో చేరుతుంది.

2023 నవంబరులో యెమెన్‌కు చెందిన హూతీలు ఎర్రసముద్రంలో వాణిజ్య నౌకలపై దాడులు మొదలుపెట్టారు. డిసెంబరులో పెద్ద కంటైనర్ నౌకా సంస్థలు సూయజ్ కాలువ దారి వదిలి, ఆఫ్రికా దక్షిణాన ఉన్న గుడ్ హోప్ అగ్రాన్ని చుట్టి వెళ్లడం ప్రారంభించాయి. ప్రయాణం సుమారు 10 నుంచి 14 రోజులు పెరిగింది. వసంతకాలానికి కుట్టిన దుస్తులు వేసవిలో చేరితే వాటికి అసలు ధర పలకదు. అందుకే 2024 ఆరంభంలో దుబాయి, కొలంబోల మీదుగా సరుకు పంపేవారు పెరిగారు. పటం తీసి చూడండి: ఆసియా తూర్పు వైపు నుంచి ఈ రెండు రేవులకు రావడానికి ఎర్రసముద్రం దాటనక్కరలేదు.

ఇక్కడ చాలామంది ఒక పొరపాటు చేస్తారు. ఓడ ప్రయాణ దినాలకు విమాన ప్రయాణ గంటలు కలిపి, అదే మొత్తం కాలం అనుకుంటారు. మధ్యలో జరిగే పనిని మరచిపోతారు. కంటైనర్ విప్పాలి, పెట్టెలను విమానానికి సరిపడే పళ్లాలపై పేర్చాలి, భద్రతా తనిఖీ చేయాలి, విమానంలో చోటు దొరకాలి. వేల కంటైనర్లు మోసే ఓడ ఒకటి వస్తే, పెద్ద సరుకు విమానం ఒకటి దాదాపు 100 టన్నులే మోస్తుంది. దుస్తుల వంటి తేలిక సరుకైతే, నలభై అడుగుల కంటైనర్లు పదీ పదకొండింటిలోని సరుకుతోనే విమానం నిండిపోతుంది. కాబట్టి అందరూ ఒకేసారి ఈ దారి పట్టినప్పుడు, సముద్రంలో మిగిలిన రోజులు గోదాములో ఖర్చయిపోవచ్చు. అదే ఏడాది రేవుల్లో రద్దీ పెరగడం ఈ ఇబ్బందిని ఎక్కువ చేసింది.

కిరాయి లెక్క కూడా మారుతుంది. ఓడలో కంటైనర్‌కు ఇంత అని కడతాం. విమానంలో అసలు బరువు, ఘనపరిమాణపు బరువు ఈ రెండింటిలో ఏది ఎక్కువైతే దానికే కట్టాలి. సాధారణంగా ఒక ఘనమీటరును 167 కిలోలుగా లెక్కిస్తారు. 60 ఘనమీటర్ల దుస్తులు తూకానికి 8,000 కిలోలే ఉన్నా, కిరాయి 10,020 కిలోలకు పడుతుంది. దీన్ని మరచి ధర ఒప్పుకున్న ఎగుమతిదారు లాభం ఇక్కడే పోతుంది.

ప్రత్యామ్నాయ దారికీ ఇరుకు చోట్లు ఉంటాయి. జెబెల్ అలీ చేరాలంటే ఓడ హోర్ముజ్ జలసంధి దాటాలి. కొలంబోకు ఆ అవసరం లేదు. ఒకే రేవును నమ్ముకోకుండా, రవాణా ఏజెంటుతో రెండో రేవు గురించి కూడా ముందే మాట్లాడుకోవడం మంచిది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

ఒక ఎగుమతిదారు వద్ద 6,000 కిలోల బరువు, 45 ఘనమీటర్ల పరిమాణం గల దుస్తులు ఉన్నాయి. విమాన భాగానికి ఎన్ని కిలోలకు కిరాయి కట్టాలి? మార్పిడి రేవులో వారం ఆలస్యమైతే, అతనికి ఈ పద్ధతి ఇంకా లాభదాయకమేనా అని తేల్చడానికి మీకు ఇంకా ఏ వివరాలు కావాలి?