కాగితం ఎవరి చేతిలో ఉంది?

2022 ఆగస్టు నెలాఖరులో రాచకొండ పోలీసులు ఘట్‌కేసర్ ప్రాంతంలో ఒక ముఠాను పట్టుకున్నారు. కూపీ లాగితే దాని వేర్లు కడప జిల్లాలో, తిరుపతి ఆస్పత్రుల్లో తేలాయి. ఒకడు ఎక్స్‌రే విభాగంలో పనిచేసేవాడు, ఇంకొకడు మత్తుమందు ఇచ్చే టెక్నీషియన్. వాళ్లు చేసిన పని వింటేనే ఒళ్లు జలదరిస్తుంది. వేలికొస మీది చర్మం కోసి, లోపలి కండ కొంచెం తీసి, మళ్లీ కుట్లు వేసేవాళ్లు. పుండు మానేసరికి వేలిముద్ర గీతలు మారిపోయేవి. ఏడాది దాకా పాత ముద్రతో కలిసేవి కావు. మనిషికి ఇరవై ఐదు వేల రూపాయలు తీసుకున్నారు. కొత్త ముద్రలతో ఆధార్ మార్పించుకోవడం, ఆ ఆధార్‌తో మళ్లీ కువైట్ వీసాకు పోవడం తర్వాతి పని.

పత్రికలు దాన్ని వింత నేరంగా రాశాయి. చదివినవాళ్లు ఔరా అనుకుని పేజీ తిప్పేశారు. నాకు మాత్రం కోసినవాళ్ల కంటే కోయించుకున్నవాళ్ల మీదికే ఆలోచన పోయింది. కూలి పని చేసుకునే మనిషికి వేళ్లకు మించిన ఆస్తి ఏముంది? వాటిమీద కత్తి పెట్టనిచ్చాడంటే అంతకు ముందే వాడిచేతిలోంచి ఇంకేదో జారిపోయి ఉండాలి. వాళ్లంతా కువైట్ ఒకసారి వెనక్కి పంపేసిన మనుషులు. పంపేసేటప్పుడు వేలిముద్రలు తీసుకుంటారు, ఆ ముద్రలు ఉన్నంతకాలం మళ్లీ అడుగు పెట్టనివ్వరు. ఇలా వెనక్కి వచ్చినవాళ్లలో దొంగతనమో, కొట్లాటో చేసి వచ్చేవాళ్లు కొందరే. తక్కినవాళ్ల తప్పు ఒకటే, కాగితం తేదీ దాటిపోవడం.

కువైట్ అనగానే రాజంపేట, రైల్వేకోడూరు, రాయచోటి పేర్లు ముందు వస్తాయి. ఇటు పెండ్లిమర్రి, వేంపల్లె, పులివెందుల, అటు ప్రొద్దుటూరు, జమ్మలమడుగు వైపు కూడా గల్ఫ్‌లో మనిషి ఉన్న ఇళ్లు తక్కువేం లేవు. బోరు అప్పు తీరక పోయినవాళ్లు, కూతురి పెళ్లికని పోయినవాళ్లు, మొగుడు పట్టించుకోక పిల్లల్ని అమ్మ దగ్గర వదిలి ఇంటిపనికి పోయిన ఆడవాళ్లు. కడప నుంచి బెంగళూరుకు వేస్తామన్న రైలు పట్టాలు పెండ్లిమర్రి దాకా వచ్చి ఆగిపోయాయి గానీ, కువైట్ ప్రయాణాలు మాత్రం ఆగలేదు.

ఆ ఇళ్లలో ఫోన్ మోగితే జీతం తర్వాత వచ్చే ప్రశ్న ‘అకామా కొట్టించినారా?’ అనే. అకామా అంటే ఆ దేశంలో ఉండటానికి ఇచ్చే అనుమతి. దాంతోపాటు బతాకా ఉంటుంది, అంటే సివిల్ ఐడీ కార్డు. ఈ రెండూ మనిషి పేరు మీదే ఉంటాయి గానీ, వాటిని పునరుద్ధరించే అధికారం మనిషికి ఉండదు, కఫీల్‌కు, అంటే అక్కడ పనిలో పెట్టుకున్న యజమానికి ఉంటుంది. చిక్కంతా ఇక్కడే. ఇంటిపనికి పోయినవాళ్లది ఖాదిం వీసా, అంటే చట్టం లెక్కలో 20వ ఆర్టికల్. కంపెనీ పనికి పోయినవాళ్లది షూన్ వీసా, 18వ ఆర్టికల్. ఖాదిం వీసా మీద పోయిన మనిషి ఆ ఇంట్లో తప్ప బయట పని చేయకూడదు. చేస్తే అకామా చెల్లుబాటులో ఉన్నా అది ఉల్లంఘనే.

మన వైపు ‘ఆజాద్ వీసా’ అని ఒక మాట ఉంది. కువైట్ చట్టంలో అలాంటి వీసా ఏదీ లేదు. కఫీల్‌కు ఏడాదికింత అని కట్టి, పేరుకు వాళ్లింట్లో ఖాదింగా ఉండి, బయట డ్రైవరుగానో టైలరుగానో సెలూన్‌లోనో పనిచేసుకునే ఒప్పందానికి ఏజెంట్లు పెట్టిన ముద్దుపేరు అది. కఫీల్ మంచివాడైతే ఏళ్ల తరబడి నడుస్తుంది. అతను ఎక్కువ డబ్బు అడిగి, మనవాడు ఇవ్వలేకపోతే మాత్రం, పరారీ అయ్యాడని ఒక ఫిర్యాదు పెడితే చాలు. ఆ రోజు నుంచి ఆ మనిషి ఖల్లివెల్లి, అంటే చెల్లే కాగితం లేని మనిషి. తెలుగువాళ్ల నోట ఆ మాట ఎంత తేలిగ్గా వస్తుందో, ఆ బతుకు అంత బరువు. ఆస్పత్రికి పోలేరు, బ్యాంకులో డబ్బు వేయలేరు, ఇంట్లో అమ్మ చనిపోయినా రాలేరు. వీధిలో పోలీసు బండి కనిపిస్తే గుండె ఆగిపోతుంది.

కువైట్ ప్రభుత్వం అప్పుడప్పుడూ క్షమాభిక్ష ప్రకటిస్తుంది. 2018 జనవరి చివర్లో మొదలుపెట్టి ఏప్రిల్ దాకా పొడిగించారు. 2020 ఏప్రిల్‌లో, కరోనా నడిమధ్య, ఇంకోసారి ఇచ్చారు. 2024 మార్చి 17న మొదలైనది జూన్ నెలాఖరు దాకా నడిచింది. ఆ గడువులో జరిమానా లేకుండా దేశం వదిలి, మళ్లీ సరైన వీసాతో రావచ్చు. అక్కడే ఉండి అకామా సరిచేసుకోవాలంటే జరిమానా కట్టాలి, గరిష్ఠంగా 600 దీనార్లు. అప్పటి మారకంలో అది లక్షా అరవై వేల రూపాయల పైమాటే. గడువు దాటాక దొరికితే పంపేయడమే, మళ్లీ రానివ్వరు. పాస్‌పోర్టు కఫీల్ దగ్గరో, ఏజెంట్ దగ్గరో చిక్కుకుపోయినవాళ్లకు రాయబార కార్యాలయం ఎమర్జెన్సీ సర్టిఫికెట్ ఇస్తుంది. మనవాళ్లు ఔట్‌పాస్ అనేది దాన్నే. ఒక్కసారి, ఒక్క దిక్కుకు, ఇంటికి రావడానికే అది పనికొస్తుంది.

క్షమాభిక్షల మీద నాకు ఒక అభ్యంతరం ఉంది. తప్పు చేసినవాడికి కదా క్షమ? జీతం అడిగినందుకు పరారీ కేసు పెట్టించుకున్న మనిషిని క్షమిస్తున్నామంటే అందులో ఏదో తిరకాసు ఉంది. అకామా కొట్టించాల్సిన బాధ్యత యజమానిది, కొట్టించకపోతే బలయ్యేది పనిమనిషి. 2015లో కువైట్ ఇంటిపనివాళ్ల కోసం 68వ నంబరు చట్టం తెచ్చింది. రోజుకు 12 గంటలకు మించి పని వద్దంది, వారానికో రోజు సెలవు, ఏడాదికి నెల సెలవు ఇమ్మంది, పాస్‌పోర్టు యజమాని దగ్గర ఉంచుకోకూడదంది. చట్టం బాగానే ఉంది. బాబా, మామా అని పిలిచే యజమానుల బీరువాలో ఉన్న పాస్‌పోర్టును తెచ్చివ్వమని అడిగే ధైర్యం నాలుగో తరగతి దాకా చదువుకున్న ఆడమనిషికి ఎవరిస్తారు?

ఈ మధ్య నిబంధనల తిరగలి ఇంకా గట్టిగా తిరుగుతోంది. 1959 నాటి పాత నివాస చట్టం స్థానంలో కొత్తది 2025 జనవరి 5 నుంచి అమల్లోకి వచ్చింది, జరిమానాలు పెరిగాయి. ప్రవాసులందరూ బయోమెట్రిక్ వేలిముద్రలు ఇవ్వాలన్న గడువు 2024 డిసెంబరు 31తో ముగిసింది. 18వ ఆర్టికల్ మీద ఉన్నవాళ్లు సెలవుకు ఇంటికి రావాలన్నా 2025 జులై 1 నుంచి యజమాని అనుమతి తీసుకోవాల్సిందే. సెలవుకు వచ్చి ఆరు నెలలు దాటితే అకామా పోతుందని అందరికీ తెలుసు. ఇంటిపనివాళ్లకు కొత్త నిబంధనల్లో అది నాలుగు నెలలకు కుదించారన్న సంగతి మాత్రం చాలామందికి తెలియదు. ‘పోలతల తిరునాళ్ల చూసుకుని పోదువులే, ఇంకో నెల ఉండు’ అని ఆపేవాళ్లు ఈ లెక్క చూసుకుని ఆపాలి. పాత రోజుల్లో వెనక్కి పంపేసినా, పేరు మార్చిన పాస్‌పోర్టుతో తిరిగిపోయినవాళ్లున్నారు. ఇప్పుడు పేరుతో పనిలేదు, వేలు చెబుతుంది. వేళ్లు కోసే వ్యాపారం పుట్టిందీ అందుకే.

ఇక ఇంటి దగ్గరి సంగతి. 10వ తరగతి పాస్ కానివాళ్ల పాస్‌పోర్టు మీద ఈసీఆర్ ఉంటుంది. అంటే కువైట్‌తో సహా 18 దేశాలకు పనికి పోవాలంటే 1983 నాటి వలస చట్టం ప్రకారం ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ అనుమతి కావాలి. అది ఈ-మైగ్రేట్ వ్యవస్థ ద్వారా వస్తుంది. ఆడవాళ్లకు 30 ఏళ్లు నిండాలి, ప్రభుత్వ సంస్థల ద్వారానే పోవాలి. మన రాష్ట్రానికి ఓంక్యాప్ ఆ పని చూస్తుంది. ఈ దారిలో పోతే ప్రవాసీ భారతీయ బీమా కూడా వస్తుంది. రెండేళ్లకు 275 రూపాయలు, మూడేళ్లకు 375. ప్రమాదంలో ప్రాణం పోయినా, శాశ్వతంగా అవిటితనం వచ్చినా 10 లక్షలు.

దారి ఇంత తేటగా ఉండగా, ఏజెంటు దుబాయికో మస్కట్‌కో విజిట్ వీసా తీసి, అక్కణ్నుంచి కువైట్ చేరుస్తానంటాడు. వయసు చాలని పిల్ల ఆధార్‌లో పుట్టిన ఏడు మార్పిస్తాడు. త్వరగా పంపిస్తాడు, నిజమే. కానీ ఆ మనిషి పోయినట్టు మన ప్రభుత్వం దగ్గర ఆనవాలు ఉండదు. బీమా లేదు, నమోదైన ఒప్పందం లేదు. కొడుకు వయసుకూ తల్లి వయసుకూ పొంతన కుదరని కాగితాలు జీవితాంతం వెంటాడతాయి. ఏజెంట్లను తిట్టడం తేలిక. అప్పు మీద అప్పు చేసి వాళ్ల గుమ్మం దగ్గరికి పోయేది మనమేనన్న సంగతి కూడా ఒప్పుకోవాలి.

పేర్ల గొడవ వేరే. మన ఇంటిపేరు పాస్‌పోర్టులో ఒకచోట, ఆధార్‌లో ఒక పొడి అక్షరంగా, పదో తరగతి మార్కుల లిస్టులో ఇంకోలా ఉంటుంది. ఇంటిపేరు గడి ఖాళీగా వదిలేసిన పాస్‌పోర్టుకు విజిట్ వీసా ఇవ్వబోమని యూఏఈ 2022 నవంబరులో తేల్చేసింది. ఇక జిల్లా పేరే చూడండి. 2005 దాకా తెల్లదొరల ఇంగ్లీషు స్పెల్లింగుతో ఉన్న కడప, ఆ తర్వాత పలికినట్టే రాసే కడప, 2010లో వైఎస్సార్ జిల్లా, 2025లో వైఎస్సార్ కడప. 2022లో రాజంపేట, రాయచోటి వైపువాళ్లు అన్నమయ్య జిల్లాలోకి పోయారు. ఒకే ఇంట్లో పుట్టిన అన్నదమ్ముల కాగితాల్లో రెండు జిల్లాలు కనిపిస్తే పరదేశపు గుమస్తాకు అనుమానం రాకుండా ఎలా ఉంటుంది? అరబిక్‌లో ‘ప’ అక్షరం లేదు కాబట్టి పుల్లయ్య బతాకా మీద బుల్లయ్య అవుతాడు. బతికున్నంతకాలం అది నవ్వుకునే విషయం. ఏదైనా జరగరానిది జరిగి శవాన్ని ఇంటికి పంపాల్సి వచ్చినప్పుడు, ఆ ఒక్క అక్షరం ఎందుకు మారిందో కాగితాలతో రుజువు చేయాలి.

కాగితం దాచుకోవడం ఎంత విలువైనదో ఈ జిల్లా పాతతరం వాళ్లకు తెలుసు. 1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌లోకి దిగింది. సుమారు లక్షా డెబ్బై వేల మంది భారతీయులు బాగ్దాద్ మీదుగా, ఎడారి దారిన అమ్మాన్ చేరి, ఎయిరిండియా విమానాల్లో ఇంటికొచ్చారు. వాళ్లలో మన జిల్లావాళ్లూ ఉన్నారు. కట్టుబట్టలతో వచ్చినవాళ్లే ఎక్కువ. తర్వాత ఐక్యరాజ్యసమితి పరిహార కమిషన్ పెట్టింది. ఊరికే దేశం వదిలి రావాల్సి వచ్చినందుకే ఒక్కో మనిషికి 2,500 డాలర్లు, వేరే ఏ పరిహారమూ అడగబోమంటే 4,000 డాలర్లు. కుటుంబానికైతే దానికి రెట్టింపు. ఢిల్లీలో విదేశాంగ శాఖ ప్రత్యేకంగా కువైట్ సెల్ తెరిచి ఆ దరఖాస్తులు చూసింది. అడిగిన రుజువు పెద్దదేమీ కాదు. ఆ రోజుల్లో కువైట్‌లో ఉన్నట్టు, అక్కణ్నుంచి బయటపడినట్టు చూపాలి, అంతే. ఎడారి దాటేటప్పుడు సామాను వదిలేసినా పాస్‌పోర్టు, బతాకా గుడ్డలో చుట్టి నడుముకు కట్టుకున్నవాడికి ఆ పని సులువైంది. పోయిన జీతానికీ సామానుకూ పరిహారం అడగాలంటే ఇంకా రుజువులు కావాల్సి వచ్చాయి, అక్కడే చాలామంది ఆగిపోయారు.

ఇదంతా కూలికి పోయినవాళ్ల బాధేగా అనుకునే చదువుకున్నవాళ్లకు ఒక మాట. 2019 జనవరిలో అమెరికాలో ఫార్మింగ్టన్ యూనివర్సిటీ పేరుతో పట్టుబడిన సుమారు 130 మంది విద్యార్థులు దాదాపు అందరూ భారతీయులే, వాళ్లలో మన తెలుగు పిల్లలే ఎక్కువ. అది వలస అధికారులే వల పన్ని పెట్టిన ఉత్తుత్తి విశ్వవిద్యాలయం. క్లాసులుండవని తెలిసీ, వీసా నిలుపుకోవడానికి ఫీజు కట్టి చేరారన్నది అధికారుల అభియోగం. హెచ్-1బీ మీద ఉన్నవాళ్లు వీసా తేదీ చూసుకుని నిశ్చింతగా ఉంటారు, పాస్‌పోర్టు గడువు ముందే అయిపోతే అమెరికాలో ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పే ఐ-94 కూడా అక్కడితోనే ఆగిపోవచ్చన్నది చూసుకోరు. ప్రొద్దుటూరు నుంచి డల్లాస్ పోయినా, పెండ్లిమర్రి నుంచి కువైట్‌లోని ఫర్వానియా పోయినా అక్కడి అధికారి ముందు మన తరఫున మాట్లాడేది ఆ తేదీలే.

ఇప్పుడు కువైట్‌లో ప్రభుత్వ సేవల సాహెల్ యాప్ ఉంది, ఇంగ్లీషులోనూ ఉంది. బతాకా ఉన్న ఎవరైనా అకామా ఎప్పటిదాకా ఉందో తమ ఫోన్‌లోనే చూసుకోవచ్చు. బాబాను అడగక్కర్లేదు, ఏజెంటును అడగక్కర్లేదు. సమస్య వస్తే విదేశాంగ శాఖ మదద్ పోర్టల్ ఉంది, మన రాష్ట్రంలో ఏపీఎన్ఆర్టీ సొసైటీ ఉంది. కువైట్‌లో మన రాయబార కార్యాలయం ఇంటిపనివాళ్ల ఫిర్యాదులు తీసుకుంటుంది. అయితే వీటిలో ఎక్కడికి పోయినా మొదట అడిగేది పాస్‌పోర్టు నంబరు, బతాకా నంబరు, కఫీల్ పేరు. ఊళ్లో ఉన్న తల్లికో భార్యకో అవి తెలియకపోతే అర్జీలో ఆ గడులు ఖాళీగానే మిగులుతాయి.

అందుకని గల్ఫ్‌లో మనిషి ఉన్న ప్రతి ఇంటికీ ఒక మనవి. ఈ ఆదివారం ఫోన్ చేసినప్పుడు డబ్బు ఎప్పుడు పంపుతున్నావని అడిగే ముందు బతాకా రెండు వైపులా ఫొటో తీసి పంపమనండి. పాస్‌పోర్టు మొదటి పేజీ, చివరి పేజీ, అకామా గడువు తేదీ, కఫీల్ పేరు, ఫోన్ నంబరు అడగండి. వాటిని జిరాక్స్ తీయించి ఇంట్లో బీరువాలో పెట్టండి. అకామా ఆఖరి తేదీకి రెండు నెలల ముందు మళ్లీ గుర్తుచేయండి. బీమా గడువు అయిపోయిందేమో ఒకసారి చూడండి, అయిపోయి ఉంటే ఆన్‌లైన్‌లోనే పొడిగించుకోవచ్చు.