తంత్రులపై రాత్రి: ఐరోపా చేంబర్ సంగీతమునందలి నిశారచనలు

ఐరోపా దేశములలో చేంబర్ సంగీతమను ఒక శాఖ కలదు. విశాలమైన నాటకశాలకు, నూరుమంది వాద్యకారుల మేళమునకు గాక, ఒక గదిలో కూర్చున్న కొలదిమంది శ్రోతల యెదుట వాయించుటకై పుట్టినది గనుక దానికాపేరు వచ్చినది. ఇందు ఒక్కొక్క భాగమును ఒక్కొక్కరే వాయింతురు. ముందు నిలిచి కోలతో లయను చూపు నాయకుడుండడు. ఒకరి కమాను కదలికను మరియొకరు గమనించుచు, ఒకరి శ్వాసకు మరియొకరు చెవియొగ్గుచు రచనను నడుపుకొందురు. రెండు వయొలిన్లు, ఒక వయోలా, ఒక చెల్లో కలిసిన చతుష్టయము దీనికి ప్రధానరూపము. మరియొకటి రెండు వాద్యములు చేరినచో పంచకము, షట్కము అగును.

అట్టి కచేరీలలో రాత్రియను ఒకే భావమును సూత్రముగా గైకొని, వేర్వేరు కాలముల రచనలను దానియందు గ్రుచ్చి వినిపించు వాడుక యున్నది. ఆ విధమైన కచేరీలో చేరదగిన అయిదు రచనలను వివరించుట ఈ వ్యాసోద్దేశము. వానిని వినునపుడు రెండు ప్రశ్నలు పుట్టును. మాటలు లేని సంగీతము రాత్రిని ఎట్లు చెప్పగలదు? ఒక ఊరి రాత్రిని మరియొక ఊరివారు గ్రహింపగలరా? తరతరములుగా పరభాషల నడుమ తమ పాటలను నిలుపుకొనుచు వచ్చిన తెలుగు కుటుంబములకు ఈ రెండవ ప్రశ్న దూరమైనది కాదు.

వాద్యములు, ఉపాయములు

వయొలిన్ తెలుగువారికి క్రొత్తది కాదు. ముత్తుస్వామి దీక్షితుల తమ్ములగు బాలుస్వామి దీక్షితులు (1786–1858) చెన్నపట్టణమున ఐరోపీయుని వద్ద దానిని అభ్యసించి కర్ణాటక సంగీతమునకు అలవరచిరి. 1893లో బెంగుళూరున జన్మించి, విజయనగరమును తమ విద్యాక్షేత్రముగా చేసికొనిన ద్వారం వేంకటస్వామినాయుడుగారు (1964లో దివంగతులైరి) దానిని సోలో కచేరీ వాద్యముగా మెప్పించిరి. వీణకున్న మెట్లు దీనికి లేవు గనుక గమకము దీనిపై సులభముగా జారును. అయితే ఐరోపీయులు దీనిని గడ్డము క్రింద నుంచుకొని వాయింతురు. ఒకే రాగచ్ఛాయను విస్తరించుటకంటె వేర్వేరు స్వరములను ఒకేసారి పలికించి వాని కలయికచే భావమును పుట్టింతురు. వయోలా వయొలిన్ కంటె కొంచెము పెద్దది, గంభీరస్వరము కలది. చెల్లో మరింత పెద్దది. దానిని మోకాళ్ళనడుమ నిలిపి వాయింతురు.

ఈ వాద్యములతో చీకటిని సూచించుటకు కొన్ని ఉపాయములు కలవు. తంత్రులను మోయు సన్నని చెక్కపలకపై ఒక చిన్న బిళ్ళను తగిలించినచో నాదము మసకబారి దూరమునుండి వచ్చినట్లుండును. కమానును విడిచి వ్రేలితో మీటినచో గంటయో, నీటిచుక్కయో, గిటారో వినబడినట్లగును. తంత్రిని పూర్తిగా నొక్కక వ్రేలిని తాకించినంతమాత్రముగా నుంచినచో పిల్లనగ్రోవివంటి బోలు స్వరము పుట్టును. తంబురాశ్రుతివలె ఒక స్వరమును చాలసేపు నిలిపినచో నిశ్చలమైన రాత్రి స్ఫురించును. అయిదు రచనలును ఈ ఉపాయములలో కొన్నిటిని తమ తమ రీతిని వాడుకొన్నవి.

మొజార్టు: వేడుక రాత్రి

పదునెనిమిదవ శతాబ్దిలో రాత్రి సంగీతమనగా రాత్రిని వర్ణించునది కాదు, రాత్రివేళ వాయించునది. తోటలలోను, ఇండ్ల ముంగిళ్ళలోను, పెండ్లి మొదలగు వేడుకలలోను అట్టి రచనలు వినబడెడివి. మొజార్టు వియెన్నాలో 1787 ఆగస్టు 10వ తేదీన ముగించిన ‘ఐనె క్లైనె నాఖ్ట్‌మ్యుజీక్’ అట్టిది. ఆ పేరునకు ‘ఒక చిన్న రాత్రి సంగీతము’ అని అర్థము. ఇందు చీకటి లేదు, భయము లేదు. మొదటి భాగము దివిటీలు వెలిగించిన వాకిలివలె నుండును. ‘రొమాంజె’ అను రెండవభాగము మాత్రము వేడుకనుండి కొంచెము దూరము తొలగి మెల్లగా మాటాడుకొనువారిని తలపించును.

ఈ రచనకు సంబంధించిన ఒక విషయము గుర్తుంచుకొనదగినది. మొజార్టు తన రచనల పట్టికను తానే వ్రాసి యుంచుకొనెను. అందు దీనికి అయిదు భాగములున్నట్లున్నది. నేడు లభించునవి నాలుగే. ఒక మినుయెట్ నృత్యభాగము నష్టమైనది. పట్టికలో పేరున్నను పాట పోయినది. రచన కర్త బ్రతికియుండగా అచ్చుకాలేదు. ఆయన 1791లో మరణించిన పిమ్మట చాలకాలమునకు, ఇంచుమించు 1827లో వెలుగు చూచెను.

బొకెరీని: వీధి రాత్రి

లుయీజీ బొకెరీని 1743లో ఇటలీలోని లుక్కా పట్టణమున జన్మించెను. గొప్ప చెల్లో విద్వాంసుడు. యౌవనమున స్పెయిన్ దేశమునకు పోయి, 1770లో అచటి రాజసోదరుడగు డాన్ లూయీస్ కొలువున చేరి, తన శేషజీవితమును ఆ దేశముననే గడపి 1805లో మాడ్రిడ్ నగరమున మరణించెను. 1776లో డాన్ లూయీస్ తన అంతస్తుకు తగని వివాహము చేసికొనెనని రాజధానికి దూరము కావలసివచ్చినది. ఆయన వెంట బొకెరీనియు ఆరెనాస్ అను చిన్న ఊరికి పోయెను. అచటనుండియే, ఇంచుమించు 1780లో, మాడ్రిడ్ వీధుల రాత్రిసంగీతమను పంచకమును రచించెను. అనగా పుట్టినూరు కాని ఊరిని తన ఊరుగా చేసికొని, దానికిని దూరమైనవాడు దాని వీధులను చెవితో జ్ఞాపకము చేసికొని వ్రాసిన రచన యిది.

ఇందు రెండు వయొలిన్లు, ఒక వయోలా, రెండు చెల్లోలు. మొదట తంత్రులను మీటుటచే సంధ్యాప్రార్థన గంటలు మ్రోగును. తరువాత సైనికుల తప్పెట. ఆపై గ్రుడ్డి బిచ్చగాండ్ర మినుయెట్: ఇచట చెల్లో వాద్యకారులు తమ వాద్యములను ఒడిలో అడ్డముగా పెట్టుకొని, గోళ్ళతో గిటారువలె మీటవలెనని కర్త నిర్దేశించెను. పిదప జపమాల ప్రార్థన: దీనికి కట్టుదిట్టమైన తాళము లేదు. ఆ వెంటనే వీధిలో పాడుచు పోవు యువకుల గేయము. చివరకు, జనులను ఇండ్లకు మరలించుచు గస్తీ తిరుగు సైనికుల బాజా దూరమున లీలగా మొదలై, దగ్గరకు వచ్చి బిగ్గరగా మ్రోగి, మరల దూరమై అణగిపోవును. ఈ గస్తీ భాగమును తరువాత మరియొక రచనలో చేర్చినపుడు, వేసవిరాత్రి మాడ్రిడ్‌లో కిటికీ ప్రక్క కూర్చుండి వినుచున్నట్లు ఊహించుకొనవలెనని ఆయన తెలిపెను.

ఈ పంచకమునుగూర్చి తన ప్రచురణకర్తకు వ్రాయుచు, స్పెయిన్ వెలుపల ఇది నిరుపయోగమనియు, నవ్వులపాలగుననియు, శ్రోతలకు దీని భావము తెలియదనియు, వాద్యకారులకు వాయింప తగిన రీతి చేతకాదనియు బొకెరీని అభిప్రాయపడెను. ఆయన జీవితకాలమున అది అచ్చుకాలేదు. కాని కాలము ఆయన మాటను కాదన్నది. 1975లో లుచానో బేరియో అను ఇటాలియన్ రచయిత, బొకెరీని వ్రాసిన గస్తీ భాగము నాలుగు పాఠములను ఒకదానిపై నొకటి పేర్చి పెద్ద వాద్యమేళమునకు కూర్చెను. 2003లో వెలువడిన ‘మాస్టర్ అండ్ కమాండర్’ అను చలనచిత్రము ముగింపున ఓడపై వయొలిన్, చెల్లో కలిసి వాయించునది ఈ పంచకములోని సంగీతమే. మాడ్రిడ్‌ను ఎన్నడును చూడనివారు దానిని ఆనందించుచున్నారు.

కర్త ఊహ తప్పుటకు కారణము ఆ కర్త చేసిన పనిలోనే యున్నది. ఏ ధ్వని ఏ గంటదో, ఎవరి పాటయో, వాద్యమును ఎట్లు పట్టి ఎట్లు మీటవలెనో ఆయన స్వరములతోపాటు వ్రాసియుంచెను. ఆ వివరణ లేనిచో బిచ్చగాండ్ర మినుయెట్ వట్టి మీటుడుగా మిగిలెడిది.

బొరొదిన్: ఇంటి రాత్రి

పందొమ్మిదవ శతాబ్దినాటికి రాత్రి సంగీతమనగా రాత్రివేళ మనస్సును పలికించునది యను అర్థము స్థిరపడెను. అలెగ్జాండర్ బొరొదిన్ (1833–1887) వృత్తిచే రసాయన శాస్త్రజ్ఞుడు. సెయింట్ పీటర్స్‌బర్గు వైద్య విద్యాలయమున ఆచార్యుడు. తీరిక దొరికినపుడే సంగీతము వ్రాసెడివాడు. 1881లో రచించిన రెండవ చతుష్టయమును భార్యయగు ఎకతెరీనాకు అంకితమిచ్చెను. వారిరువురును 1861లో జర్మనీలోని హైడెల్‌బర్గున కలిసికొనిరి. ఆమె పియానో విదుషి, ఆయన చెల్లో వాయించెడివాడు.

ఈ చతుష్టయములోని మూడవభాగమునకు ‘నొట్టూర్నో’ అని పేరు. మొదట చెల్లో తన పైస్థాయిలో ఒక దీర్ఘమైన పల్లవిని పాడును. తక్కిన వాద్యములు క్రింద మెల్లగా ఊగుచుండును. పిదప అదే పల్లవిని వయొలిన్ అందుకొనును. చివరకు ఒకటి మొదలుపెట్టిన మాటను ముగియకమునుపే రెండవది అందుకొని అనుసరించును. ఇది అలుకయు, తొందరయు లేని సంభాషణము.

షోన్‌బెర్గు: ఒప్పుకోలు రాత్రి

ఆర్నోల్డు షోన్‌బెర్గు తన ఇరువదియయిదవ యేట, 1899లో, ‘ఫెర్‌క్లేర్‌టె నాఖ్ట్’ అను షట్కమును రచించెను. ‘రూపాంతరమొందిన రాత్రి’ అని దాని అర్థము. రెండు వయొలిన్లు, రెండు వయోలాలు, రెండు చెల్లోలు దానిని వాయించును. రిహార్డ్ డేమెల్ అను జర్మను కవి పద్యము దానికి ఆధారము. స్త్రీపురుషులిరువురు వెన్నెలలో, ఆకులు రాలిన చెట్లనడుమ నడచుచుందురు. తన గర్భముననున్న శిశువు అతనిది కాదని ఆమె చెప్పును. అతడు కోపింపక, ఆ శిశువును తన శిశువుగానే స్వీకరించును.

పద్యమునకు అయిదు ఖండములున్నట్లే సంగీతమునకును అయిదు ఘట్టములు. మొదట అడుగులు బరువుగా పడుచుండును. ఆమె మాటల ఘట్టమున స్వరములు స్థిమితములేక తిరుగును. అతడు బదులు చెప్పునపుడు, అంతవరకు దుఃఖచ్ఛాయలో నడచిన ఆధారషడ్జముననే ప్రసన్నమైన స్వరసముదాయము వెలిగి, రచన కాంతిలో ముగియును. ఒక్క మాటయైనను పాడబడదు. అయినను క్షమ యెచట మొదలైనదో శ్రోతకు తెలియును. ఇందలి ఒకానొక స్వరకూర్పు శాస్త్రగ్రంథములలో లేదన్న కారణమున వియెన్నాలోని ఒక సంగీతసంఘము దీనిని నిరాకరించినది; 1902 మార్చి 18న అదే నగరమున ఇది తొలిసారి వినిపింపబడినది. యూదుడగు షోన్‌బెర్గు 1933లో జర్మనీ విడిచి, 1951లో అమెరికాలో కన్నుమూసెను.

బార్టోక్: పొలము రాత్రి

హంగరీ దేశీయుడగు బేలా బార్టోక్ (1881–1945) పల్లెలు తిరిగి జానపదగేయములను సేకరించినవాడు. 1926లో పియానోకు వ్రాసిన ఒక రచనలో రాత్రివేళ కప్పల అరుపులను, ప్రకృతి ధ్వనులను చేర్చెను. అదే మార్గమున 1928లో రచించిన నాలుగవ చతుష్టయమున నడిమిదియగు మూడవభాగము సాగును. మూడు వాద్యములు ఒక స్వరసమూహమును కదలక నిలిపియుంచగా, చెల్లో ఒంటరిగా పల్లెపాట ధోరణిలో ఆలాపించును. తరువాత వయొలిన్ పక్షికూతలవంటి చిన్న చిన్న పలుకులు పలుకును. ఇచట రాత్రి మనుష్యుని మనస్సులో లేదు. మనుష్యుడే రాత్రి నడుమ చిన్నవాడై యున్నాడు. బార్టోక్ 1940లో స్వదేశము విడిచి అయిదేండ్లకు న్యూయార్కున మరణించెను.

తెలుగువారి రాత్రిపాట

ఈ అయిదు రాత్రులను విన్నవారికి తెలుగువారి రాత్రిపాటలు తలపునకు రాకపోవు. తిరుమలలో ఏకాంతసేవవేళ తాళ్ళపాకవారి జోలయు, తరిగొండ వెంగమాంబ హారతియు వినబడును. త్యాగరాజస్వామివారు కావేరీతీరమున తిరువయ్యారులో ‘ఉయ్యాలలూగవయ్య’ అను కృతిని నీలాంబరి రాగమున రచించిరి. ఆ రాగమునకును నిద్రకును గల సంబంధము దక్షిణదేశమంతట ప్రసిద్ధము. తంజావూరు సీమలోని మెలట్టూరున నరసింహజయంతి ఉత్సవమున తెలుగు భాగవతమేళ నాటకములు రాత్రివేళ ఆడబడును. పాట తమిళసీమలో పుట్టినను దాని మాట తెలుగే.

అయితే కర్ణాటకమునగాని తమిళనాటగాని పెరుగుచున్న తెలుగు బాలునికి నీలాంబరి వినగానే కన్నులు వాలవచ్చును. పాటలోని మాట తెలియకపోవచ్చును. ఏ పాటను ఏ వేళ, ఏ సేవకు, ఎవరు మొదలుపెట్టి ఎవరు అందుకొనెడివారో ఇంటి పెద్దలకు తెలియును. ఆ పెద్దలు పోయినచో స్వరము మిగులును, సందర్భము పోవును. కొన్ని చోట్ల సందర్భము మిగిలి పాటయే పోవును.

మొజార్టు పట్టికయు, బొకెరీని పంచకమును ఈ రెండు స్థితులకు నిదర్శనములు. మొజార్టు మినుయెట్ పేరుతో మిగిలి స్వరములతో పోయినది. బొకెరీని రచన, తన దేశము వెలుపల బ్రతుకదని కర్తయే నిరాశపడినను, స్వరమును వివరణమును ఒకే కాగితముపై నుండుటచే బ్రతికినది. ఆంధ్రదేశమునకు వెలుపల స్థిరపడిన తెలుగు సంఘములు తమ యిండ్లలోని జోలలను, పవ్వళింపుపాటలను, భజనమందిరముల రాత్రికీర్తనలను వ్రాయించునపుడు మాటలతోపాటు రాగమును, వేళను, పాడువారి వరుసను, పలుకు విధమును ప్రక్కనే వ్రాయించుట అవసరము. ధ్వనిముద్రణ చేయుట నేడు సులభమైనది. కాని ముద్రితమైన ధ్వని ఎవరి గంటయో, ఎవరి పిలుపో చెప్పువారు లేనిచో, విన్నవారికది మధురమైన నాదముగా మాత్రమే మిగులును. ఆ చెప్పగలవారు ఇంకను పెక్కు ఇండ్లలో ఉన్నారు. వారిని అడుగవలసిన సమయమిదే.