మొగుడంపల్లి మెట్టసేద్యంలో పశువిసర్జితాలు: పదజాలం – జీవావరణం

వ్యాససంగ్రహం:
తెలుగులో పశుపక్ష్యాదుల విసర్జితాలకు ఒకే పేరు లేదు. పేడ, పెంటిక, లద్ది, రెట్ట అని జంతువును బట్టి మాట మారుతుంది. ఈ భేదంలో వాటి రూపానికీ, నేలలో అవి చేసే పనికీ సంబంధించిన ఎరుక దాగి ఉందని మొగుడంపల్లి పరిసరాల మెట్టసేద్యం ఆధారంగా వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం. ‘పెంట’ అనే మాట ఎరువు నుండి చెత్తకు జారిన తీరును కూడా ఇందులో పరిశీలించడం జరిగింది.

కీలకపదాలు: పేడ, పెంటిక, పెంట, మంద కట్టడం, పేడపురుగు, మెట్టసేద్యం, జహీరాబాద్ ప్రాంతం.

ఉపోద్ఘాతం:
మొగుడంపల్లి సంగారెడ్డి జిల్లాలో కర్ణాటక సరిహద్దు చేరువన ఉన్న మండల కేంద్రం. 2016లో జిల్లాల పునర్వ్యవస్థీకరణ జరిగినప్పుడు జహీరాబాద్ మండలం నుండి వేరుపడి ప్రత్యేక మండలమైంది. 1956కు పూర్వం జహీరాబాద్ తాలూకా బీదరు జిల్లాలో భాగం. అందువల్ల ఇక్కడి వ్యవహారంలో తెలుగుతోపాటు కన్నడ, మరాఠీ, ఉర్దూ మాటలు సహజంగా కలిసిపోయి వినిపిస్తాయి. ఈ ప్రాంతంలో ఎర్రని లాటరైటు నేలలు, నల్లరేగడి నేలలు పక్కపక్కనే కనిపిస్తాయి. జొన్న, కంది, శనగ, పెసర వానాధారంగానూ, చెరకు, అల్లం, ఆలుగడ్డ నీటివసతి ఉన్నచోటా పండుతాయి. ఎర్రనేలలో సేంద్రియ పదార్థం తక్కువ, తేమ త్వరగా ఆరిపోతుంది. పంట తీసుకొన్నదాన్ని మళ్లీ నేలకు చేర్చే మార్గం ఇక్కడి రైతుకు చిరకాలంగా పశువే. ఆ పశువు విడిచినదానికి తెలుగు పెట్టుకొన్న పేర్లను ముందుగా చూడాలి.

పేర్లు – వాటి వెనుక ఎరుక:
ఆవు, ఎద్దు, బర్రె వేసేది పేడ. తెలంగాణ వ్యవహారంలో అది పెండ. గొర్రె, మేక వేసేవి పెంటికలు. గుర్రం, ఏనుగులది లద్ది లేక లద్దె. పక్షులది రెట్ట. పేడను చేత్తో చరిచి ఎండబెడితే పిడక. మేతకు వెళ్లిన పశువు వేసిన పేడ చేలోనే తనంత తాను ఎండిపోతే, దాన్ని ఏరి తెచ్చుకొంటే ఏరుపిడక. నీళ్లలో కలిపి వాకిట చల్లితే కోస్తాలో కళ్లాపి, తెలంగాణలో సాంపి. ఎర్రమట్టితో కలిపి నేలకు పూస్తే అలుకు. పశువుల కొట్టం ఊడ్చిన కసువు, మూత్రంతో తడిసిన గడ్డి, పొయ్యి బూడిదతో కలిసి కుప్పపడితే పెంట. అది మాగి చేనికి చేరితే ఎరువు.

ఇవి పర్యాయపదాలు కావు. పేడ ముద్దగా పడుతుంది. దానిలో సుమారు ఐదింట నాలుగు వంతులు నీరే. గొర్రె, మేకల పెద్దపేగు నీటిని బాగా పీల్చుకొంటుంది. అందుచేత పెంటికలు గట్టి గుండ్లుగా రాలి, మంద నడిచినంత మేరా చెదురుతాయి. గుర్రం, ఏనుగు నెమరువేయని జంతువులు. వాటి మేత సగం జీర్ణమై పీచుపీచుగా బయటపడుతుంది, దానితోపాటు గింజలు కూడా. లద్దిని పేడ అనకపోవడానికి కంటికి కనిపించే కారణం ఈ పీచుదనమే కావచ్చు. పక్షులకు మల, మూత్రాలకు వేర్వేరు దారులు లేవు. రెట్టలోని తెల్లని భాగం యూరిక్ ఆమ్లం. అందువల్లే అందులో నత్రజని ఎక్కువ. పచ్చిగా మొక్క మొదట పడితే వేరు మాడుతుంది కూడా.

సంస్కృతంలోనూ ఈ వివేచన ఉంది. ఎండిన ఆవుపేడకు కరీషమని పేరు. శ్రీసూక్తంలో లక్ష్మికి ‘కరీషిణి’ అనే విశేషణం ఉంది. సంపదకు పేడ గుర్తు అయిన పశుపాలక సమాజపు ఊహ అది. క్రీ.శ. 6వ శతాబ్దికి చెందిన వరాహమిహిరుడు బృహత్సంహితలోని వృక్షాయుర్వేద ప్రకరణంలో చెట్లు విరివిగా పూచి కాయడానికి చెప్పిన యోగంలో ఆవుపేడను కాక గొర్రె, మేకల పెంటికల పొడిని ప్రత్యేకంగా నిర్దేశించాడు. దాన్ని నువ్వులు, సత్తుపిండి మొదలైనవాటితో నీటిలో ఏడు రాత్రులు ఉంచి పోయాలన్నాడు. ఏ విసర్జితం ఏ పనికి అన్న భేదం శాస్త్రకారునికీ, రైతుకూ సమానంగా తెలిసినదే.

దక్కనులో పేడ చరిత్ర:
దక్కను పీఠభూమిలో పేడకు లిఖిత చరిత్రకంటె ముందరి ఆధారం ఉంది. మొగుడంపల్లికి దక్షిణంగా, కృష్ణా పరీవాహకంలో, పూర్వపు మహబూబ్‌నగర్ జిల్లాలోని ఉట్నూరులో (ఇది ఆదిలాబాద్ ఉట్నూరు కాదు) ఒక బూడిదదిబ్బ ఉంది. ఇటువంటివే బళ్లారి ప్రాంతంలో కుడతిని, కుప్గల్లు వద్ద, అనంతపురం జిల్లాలో పాల్వాయి వద్ద ఉన్నాయి. స్థానికులు కొన్నిటిని రాక్షసుల చితాభస్మమని చెప్పుకొన్నారు. హంపి దగ్గరి నింబాపురం దిబ్బ వాలిని దహనం చేసిన చోటని ప్రతీతి. 19వ శతాబ్దిలో వీటిని చూసిన ఐరోపా పరిశోధకులలో అగ్నిపర్వతపు బూడిద అన్నవారూ, లోహం కరిగించిన కిట్టం అన్నవారూ ఉన్నారు. రాబర్ట్ బ్రూస్‌ఫుట్ మాత్రం ఇది కాలిన పేడ అని గుర్తించాడు. రేమండ్ ఆల్చిన్ 1957లో ఉట్నూరులో తవ్వకాలు జరిపి, కంచె గుంజలు నాటిన గుంతలను, పొరల్లో పశువుల గిట్టల ముద్రలను బయటపెట్టాడు. నవీనశిలాయుగపు పశుపాలకులు మందను కట్టిన దొడ్డిలో తరతరాలుగా పేరుకొన్న పేడ, మళ్లీ మళ్లీ కాలి, దిబ్బ అయింది. ఎందుకు కాల్చారన్నదానిపై పండితుల మధ్య ఏకాభిప్రాయం లేదు. అయితే తెలంగాణ నేలమీద నిలిచిన అతిప్రాచీన మానవనిర్మితాలలో ఒకటి పేడకుప్ప అన్నది గమనార్హం.

పేడలోని ప్రాణులు:
చేలో పడిన పేడ తనంతతాను ఎరువు కాదు. దాన్ని నేలలోకి దించేవాళ్లు ఉండాలి. వానాకాలంలో ఆ పని పేడపురుగులది. వీటిలో కొన్ని పేడలోనే గుడ్లు పెట్టి అక్కడే బతుకుతాయి. కొన్ని పేడ కిందనే సొరంగం తవ్వి ముద్దలుగా లోపలికి చేరవేస్తాయి. కొన్ని ఉండచేసి వెనుకకాళ్లతో దూరంగా దొర్లించుకుపోయి పాతిపెడతాయి. ఆ ఉండలో గుడ్డు, దాని పిల్లపురుగుకు అదే ఆహారం. ఈ క్రమంలో నేల గుల్లబారుతుంది, వాననీరు ఇంకుతుంది, నత్రజని గాలిలో కలిసిపోకముందే మట్టిలో చేరుతుంది, పేడలో పెరిగే ఈగలకు చోటు తగ్గుతుంది. ఎండకాలంలో పేడ పైన పెచ్చుకట్టినప్పుడు పేడపురుగు రాదు. అప్పుడు చెదలు అడుగునుండి పనిచేస్తాయి. రైతు ఇంటి దూలానికి శత్రువైన చెద చేలో మాత్రం పనివాడే.

ఈ పురుగు లేకపోతే ఏమవుతుందో ఆస్ట్రేలియా చూపింది. అక్కడి దేశీయ పురుగులు కంగారూ వంటి జంతువుల పొడి పెంటికలకు అలవాటుపడినవి. వలసదారులు తెచ్చిన ఆవుల తడి పేడను అవి చాలావరకు ముట్టలేదు. పచ్చికబయళ్ల నిండా పేడకట్టలు ఎండిపోయి గడ్డి మొలవక, ఈగలు ముసిరాయి. జార్జ్ బోర్నెమిస్సా సూచన మేరకు అక్కడి జాతీయ పరిశోధన సంస్థ 1968 నుండి విదేశీ పేడపురుగులను దిగుమతి చేసుకోవలసి వచ్చింది. పేడ, పెంటిక అనే రెండు మాటల మధ్య తేడా ఒక ఖండానికి ఎంత ఖరీదైనదో దీనివల్ల తెలుస్తుంది.

మన దగ్గర ప్రమాదం మరో దిక్కునుండి వస్తున్నది. పరాన్నజీవుల నివారణకు వాడే ఐవర్‌మెక్టిన్ మందు అవశేషాలు పేడలో కొన్నాళ్లు నిలిచి పేడపురుగు పిల్లలను చంపుతాయని పలుదేశాల పరిశోధనలు నిరూపించాయి. నట్టల మందులన్నీ ఇటువంటివి కావు. కానీ మందు ఎంపికలో పేడపురుగు ఊసు ఎవరూ ఎత్తరు.

విసర్జితాలు గింజలకు వాహనాలు కూడా. గోడపగులులో మొలిచిన రావి రెట్టతో వచ్చినదే. పొలంగట్టున వేప చాలావరకు పక్షి నాటినదే. రేలకాయను తిన్న ఎలుగుబంటి దాని గింజలను అడవిలో చల్లుతుంది. ఇందులో మంచిచెడుల విచక్షణ ప్రకృతికి లేదు. బీడుభూములను ఆక్రమించిన సర్కారు తుమ్మ కూడా దాని తీపి కాయలు తిన్న పశువుల, మేకల ద్వారానే వ్యాపించింది. సరిగా మాగని పెంటతో కలుపు గింజలు చేనికి చేరతాయని వ్యవసాయ గ్రంథాలు హెచ్చరిస్తాయి. ఆ హెచ్చరిక నిజమే. అయితే జహీరాబాద్ ప్రాంతపు జొన్నచేలో దొగ్గలి, జొన్నచెంచలి వంటివి కలుపు కావు, కూర. విత్తకుండా వచ్చే ఈ ఆకులు పేదింటి కంచంలో చేరేవి. వీటిలో తోటకూర జాతి గింజలు పశువు కడుపులో చావకుండా బయటపడగలవు.

మంద కట్టడం:
పెంటికలను ఏరి మోయడం కష్టం. అందుకు ఇక్కడి సమాజం కనుగొన్న ఉపాయం మందనే చేనికి తేవడం. పంటకోతల తరువాత కురుమలు, గొల్లలు గొర్రెల మందను రైతు చేలో రాత్రిపూట పండబెడతారు. రైతు ప్రతిఫలంగా ధాన్యమో డబ్బో ఇస్తాడు. రోజుకొక చోటికి మందను జరుపుతూ పోతే చేనంతా సమంగా తడుస్తుంది. పెంటికలతోపాటు మూత్రం కూడా నేరుగా మట్టిలో ఇంకుతుంది. కొట్టంలో వృథా అయ్యే నత్రజనిలో ఎక్కువభాగం మూత్రంలోనిదే కనుక ఈ లాభం చిన్నది కాదు. మంద లేచాక ఆలస్యం చేయక దున్నితే అమోనియా గాలిపాలు కాదు. గొంగడికి ఉన్ని ఇచ్చే దక్కనీ గొర్రెకు, జొన్నచేనుకు మధ్య ఉన్న ఈ ఒప్పందంలో గొర్రెకు కొయ్యకాళ్ల మేత, చేనుకు ఎరువు, కాపరికి గ్రాసం. ఈ మూడిటిలో ఏ ఒక్కటి తెగినా మిగిలిన రెండూ నిలవవు.

పేడ ఎరువును పొగిడేవారు సాధారణంగా దాటవేసే లెక్క ఒకటుంది. పశువుల ఎరువులో నత్రజని సుమారు 0.5 శాతం. గొర్రె, మేకల ఎరువులో 3 శాతం దాకా ఉంటుంది. యూరియాలో 46 శాతం. 45 కిలోల యూరియా బస్తాలో దాదాపు 20.7 కిలోల నత్రజని ఉంటే, దానికి సమానంగా పశువుల ఎరువు నాలుగు టన్నులకు పైగా కావాలి. ఒక బస్తాకు నాలుగైదు బండ్ల పెంట అన్నమాట. కూలి దొరకని రైతు ఏది ఎంచుకొంటాడో చెప్పనక్కరలేదు. కానీ ఈ తూకంలో నత్రజని ఒక్కటే తూగింది. పెంటలోని కర్బనం ఎర్రనేలలో తేమను పట్టి ఉంచుతుంది, సూక్ష్మపోషకాలు అందిస్తుంది, ఒక్కసారిగా కాక రెండుమూడు పంటల దాకా కరుగుతూ ఉంటుంది. వానలు రెండు వారాలు మొహం చాటేసినప్పుడు యూరియా వేసిన చేనుకూ పెంట తోలిన చేనుకూ తేడా తెలుస్తుంది. పస్తాపూర్ కేంద్రంగా 1983 నుండి పనిచేస్తున్న దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీలోని దళిత మహిళాసంఘాలు రసాయన ఎరువులు లేకుండా, వానాధారంగా, ఒకే చేలో అనేక పంటలు కలిపి పండించడం ఈ తర్కంమీదనే ఆధారపడింది. ఆ సంఘాలకు 2019లో ఈక్వేటర్ బహుమతి లభించింది. పశువు లేని ఇంట్లో ఈ సేద్యం సాగదు. అది దీని బలహీనత కూడా.

‘పెంట’ – అర్థాపకర్ష:
1889–91 మధ్య భారతదేశంలో పర్యటించిన జాన్ అగస్టస్ వోల్కర్ 1893 నాటి నివేదికలో, రైతు పేడను కాల్చడం అజ్ఞానంవల్ల కాదని, వంటచెరకు లేకపోవడంవల్లనని స్పష్టంగా రాశాడు. పిడక పొయ్యిలో పడితే నత్రజని పోతుంది, బూడిదలో పొటాషు, భాస్వరం మాత్రం మిగులుతాయి. పొయ్యికీ చేనుకూ మధ్య పేడను పంచే నిర్ణయం రోజూ ఇంటి ఆడవారిది. ఈ దృష్టితో చూస్తే ‘రామాయణంలో పిడకల వేట’ అన్న సామెత పిడకను అల్పమైన వ్యవహారానికి గుర్తుగా నిలపడం వేటకు వెళ్లనివారి చూపే అనిపిస్తుంది.

‘పెంట’ విషయంలో జారుడు ఇంకా స్పష్టం. రైతు వ్యవహారంలో పెంట తోలడం సాగుపనులలో ఒకటి. పెంటకుప్ప పెద్దదైతే ఇంటికి పశుసంపద ఉన్నట్లు. నేటి పట్టణ వ్యవహారంలో ‘పెంట చేయకు’ అంటే రచ్చ చేయవద్దని, పాడుచేయవద్దని. అర్థాపకర్షకు దీన్ని ఉదాహరణగా పాఠాల్లో చెప్పవచ్చు గానీ, మాట ఎందుకు దిగజారిందన్న ప్రశ్న అక్కడితో ఆగకూడదు. కుప్పకూ చేనుకూ మధ్య బండి నడిచినంత కాలం పెంట ఎరువు. బండి ఆగితే అది వట్టి కుప్పే. మాండలిక పదసేకరణలో ‘పెంట: చెత్త, ఎరువు’ అని రెండర్థాలు పక్కపక్కన రాసి ముగించే పద్ధతి ఈ తెగిన బండిదారిని చూపదు.

ట్రాక్టరు వచ్చాక ఎద్దు కొట్టం ఖాళీ అయింది. 2019 పశుగణనలో తెలంగాణలో ఆవులు, ఎద్దుల సంఖ్య 2012కంటె తగ్గగా, గొర్రెల సంఖ్య సుమారు 1.9 కోట్లకు పెరిగి రాష్ట్రం దేశంలో మొదటి స్థానంలో నిలిచింది. పేడ తగ్గి పెంటిక పెరిగిందన్నమాట. అయితే గొర్రె పెరిగినంత మాత్రాన మంద చేనికి రాదు. చెరకు, అల్లం వేసిన భూమి ఎండకాలంలో ఖాళీగా ఉండదు, కాపరికి దారి దొరకదు. ఈలోగా కోళ్లఫారాల నుండి ఊక కలిసిన ఎరువు లారీలలో ఎక్కడికంటే అక్కడికి చేరుతున్నది. కోడి పక్షే అయినా దాన్ని ఎక్కువగా రెట్ట అనరు. కోడిపెంట అంటారు. చెత్తకు మారుపేరైన ఆ మాట లారీ దిగేచోట మాత్రం ఇంకా ఎరువే.